రెండు రోజులు... వెయ్యేళ్ల బాట!

జపాన్ అనగానే బుల్లెట్ రైలు, రోబోలు, మిరుమిట్లు గొలిపే టోక్యో వీధులే గుర్తొస్తాయి. కానీ అక్కడి కొండల్లో ఇప్పటికీ కాలినడకనే నమ్ముకున్న దారి ఒకటుంది. దాని పేరు కుమనో కోడో. అంటే కుమనో పాతబాట. ఒసాకాకు దక్షిణంగా కీ ద్వీపకల్పంలో, ఆకాశాన్నంటే చెట్ల మధ్య నుంచి నాచుపట్టిన రాతిమెట్ల మీదుగా సాగుతుంది. హొన్‌గూ, హయతమ, నాచి... ఈ మూడు మహామందిరాలకు దారి ఇదే.

12వ శతాబ్దంలో గో-షిరకవ అనే మాజీ చక్రవర్తి ముప్పైకి పైగా సార్లు ఈ యాత్ర చేశాడు. రాజుల తర్వాత సమురాయ్‌లు, వాళ్ల వెనకే రైతులు, వ్యాపారులు. ఆ జనప్రవాహాన్ని చూసి 'కుమనోకు చీమల బారు' అన్న మాటే పుట్టింది. 2004లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఎంత దూరం?
ఎక్కువమంది ఎంచుకునేది నకహెచి మార్గం. తకిజిరి నుంచి హొన్‌గూ ఆలయం దాకా దాదాపు 38 కిలోమీటర్లు. 'రెండు రోజుల్లో నడిచేయొచ్చు' అంటారు. నిజమే. కానీ మొదటిరోజు చికత్సుయు ఊరి వరకు 13 కిలోమీటర్లు అయితే, రెండోరోజు ఏకంగా 25! అదీ కొండలెక్కుతూ, దిగుతూ. నడక అలవాటున్న కుర్రాళ్లకు సరే... పిల్లలతో, అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు మాత్రం ఆలోచించాల్సిందే.

వాళ్ల కోసమే ఓ తేలిక దారి ఉంది. హొన్‌గూ నుంచి బస్సులో హొష్షిన్‌మొన్ వరకు వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ రావడం. 7 కిలోమీటర్లే. చాలావరకు దిగుడు. తేయాకు తోటలు, చిన్నచిన్న పల్లెలు చూసుకుంటూ మూడు గంటల్లో చేరిపోవచ్చు.

ఆమె ఆగిన చోటు
ఈ దారిలోనే ఫుషియోగామి అనే చోటుంది. 'సాష్టాంగపడి మొక్కే చోటు' అని అర్థం. వేయేళ్లనాటి కవయిత్రి ఇజుమి షికిబు కథ ఒకటి ఇక్కడ చెబుతారు. ఎంతో దూరం నడిచొచ్చిన ఆమెకు సరిగ్గా గుడి కనుచూపుమేరకు వచ్చాక నెలసరి వచ్చిందట. ఇక లోపలికి వెళ్లే రాత లేదనుకుని, ఆ బాధను ఓ కవితలో చెప్పుకుని అక్కడే ఆగిపోయింది. ఆ రాత్రి కుమనో దేవుడు కలలో కనిపించి 'నాకేం అభ్యంతరం లేదు, రా' అన్నాడట! జపాన్‌లో ఎన్నో పవిత్ర పర్వతాలు ఆడవాళ్లను రానివ్వని రోజుల్లో కూడా కుమనో అందరికీ తలుపులు తెరిచింది. ఆమె కథ ఇంకా బతికుండటానికి కారణం అదే.

ముందే చూసుకోవాల్సినవి
ఒసాకా నుంచి కీ-తనబెకు రైల్లో రెండు గంటలకు పైగా పడుతుంది. అక్కడి నుంచి తకిజిరికైనా, హొన్‌గూకైనా బస్సే ఆధారం. కొండదారిలో బస్సులు తక్కువ. అందుకే ముందు బస్సుల వేళలు రాసుకుని, ఆ తర్వాతే నడక లెక్క వేసుకోవాలి. చివరి బస్సు తప్పితే ఆ రోజు ప్రయాణం అంతే!

వసంతం, శరత్తు నడకకు మంచి కాలాలు. జూన్, జులైల్లో ముసురు, ఆ తర్వాత తుపాన్లు. 2011 సెప్టెంబరులో వచ్చిన తుపాను ఈ ప్రాంతాన్ని అతలాకుతలం చేసింది. నవంబరు చివర్లో అయిదు గంటలకల్లా సూర్యుడు అస్తమిస్తాడు. అడవిలో చీకటి ఇంకా ముందే కమ్ముకుంటుంది. పొద్దున్నే బయల్దేరడం, టార్చిలైటు దగ్గరుంచుకోవడం తప్పనిసరి. దారిలో 500 మీటర్లకోసారి అంకె వేసిన స్తంభం ఉంటుంది. ఆ అంకెను గుర్తుపెట్టుకుంటే ఆపదలో ఎక్కడున్నారో చెప్పడం తేలిక.

ఇళ్లలాంటి చిన్న సత్రాల్లో గదులు తక్కువ. ముందే మాట్లాడుకోవాలి. రాత్రి భోజనం ఆరింటికే పెట్టేస్తారు. శాకాహారులైతే మరో జాగ్రత్త. కూరగాయలతో చేసిన సూపులోనూ చేపలు మరిగించిన నీళ్లుంటాయి. 'మాంసం వద్దు' అంటే సరిపోదు. చేప రసం కూడా వద్దని గది మాట్లాడుకునేటప్పుడే చెప్పాలి. పల్లెల్లో అన్నిచోట్లా కార్డులు పనిచేయవు కాబట్టి నగదు ఉండాలి.

పిల్లలకు ఓ సరదా... దారి పొడవునా చిన్న మందిరాల దగ్గర చెక్కపెట్టెల్లో ముద్రలుంటాయి. పుస్తకంలో ఒక్కోటీ వేసుకుంటూ పోతే అలసట తెలియదు. పెద్దలకు యునోమినె వేడినీటి బుగ్గలున్నాయి. అక్కడి త్సుబొయు అనే బుల్లి స్నానపు గదిలో ఒకేసారి ఇద్దరు ముగ్గురికే చోటు.

ఇక హొన్‌గూ. ఒకప్పుడు ఆలయం నది ఒడ్డునే ఉండేది. 1889 వరదలో చాలా భాగం కొట్టుకుపోతే, మిగిలినదాన్ని కొండ మీదికి మార్చారు. పాత చోట ఇప్పుడు దాదాపు 34 మీటర్ల ఎత్తయిన ద్వారం నిలబడి ఉంది. దేవుడు కూడా నీటికి దారిచ్చి పైకి జరిగిన చోటది. అలాంటి కొండల్లో మనం రోజుకు నాలుగు కిలోమీటర్లు తగ్గించుకుంటే పోయేదేముంది!