పిల్లలను చూపించి భయపెట్టకండి

"పిల్లలున్నోడివి, నీకెందుకయ్యా ఈ గొడవలు?" సోంపేట, మందస వైపు హక్కుల మాట ఎత్తిన ప్రతి మనిషీ ఈ మాట విన్నాడు. పోలీసు అంటాడు, కాంట్రాక్టరు అంటాడు, చివరికి చుట్టమూ అంటాడు. సవర పిల్లలకు అక్షరాలు దిద్దించే మేము దీనికి జవాబు చెప్పదలచుకున్నాం.

ఈ మాట పైకి జాలిలా ఉంటుంది, లోపల ఉన్నది బెదిరింపు. పిల్లలను తాకట్టు పెట్టి తల్లిదండ్రుల నోరు మూయించడం. ప్రశ్నించినవాడు పిల్లలను గాలికొదిలేశాడని ఊరంతా నమ్మితే, కాల్చినవాణ్ణి అడిగేవాడే ఉండడు.

డాక్టర్ రామనాథం వరంగల్లులో పిల్లల డాక్టరు, పౌరహక్కుల సంఘం నాయకుడు. 1985 సెప్టెంబర్ 3న ఆయన్ను తన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. పిల్లలకు మందిచ్చే మనిషి కాబట్టే పిల్లల తండ్రులను మాయం చేయడం తప్పని ఆయన చెప్పగలిగాడు. ఆ రెండూ ఒకే పని. ఆ ఇంటికి తండ్రిని లేకుండా చేసింది తుపాకి. హక్కుల సంఘం కాదు.

శ్రీకాకుళం ఉద్యమంపై పెట్టిన పార్వతీపురం కుట్ర కేసులో నిందితుల పక్షాన నిలిచిన లాయరు కన్నబిరాన్. చాలా ఏళ్ళు పౌరహక్కుల సంఘానికి అధ్యక్షుడు. ఆయన కూతురు కల్పన కూడా చట్టం, సమాజశాస్త్రం చదివి అదే దారిలో పుస్తకాలు రాశారు. తండ్రి జీవితం, ఆయన వాదించిన కేసులు అచ్చులో నిలిచాయి. అది మంచిదే. మరి మా ఇళ్ళ సంగతి?

1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్న కోరన్న, మంగన్నలను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ ఇద్దరి పేర్లు సభల్లో వినిపిస్తాయి. వాళ్ళ ఇళ్ళలో ఆ రాత్రి పొయ్యి వెలిగిందా, ఆ తరవాత ఎవరు బడికి వెళ్ళారు, ఎవరు కూలికి వెళ్ళారు అన్నది ఏ పాఠ్యపుస్తకం రాసింది? పట్నంలో నాయకుడి బిడ్డకు జ్ఞాపకాన్ని కాపాడే పుస్తకాలుంటాయి. కొండమీది బిడ్డకు స్తూపం మీద పేరు ఒక్కటే మిగులుతుంది.

మన సోంపేటనే చూడండి. బీల భూముల్లో 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు వద్దన్న రైతులు, మత్స్యకారుల మీద 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. పొద్దున నేరస్తులన్న జనమే సరైనవాళ్ళని అదే రోజు తేలింది. మరుసటి ఏడు ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ రెండు ప్రాణాలు. వాళ్ళు ఎవరి కోసం వెళ్ళారు? రేపు ఆ బీల నీళ్ళతో, ఆ చేపలతో బతకాల్సిన పిల్లల కోసం కాదా?

కేసులున్న ఇంటి పిల్ల బడికి ఎలా వస్తుందో మేము చూస్తున్నాం. వాయిదా రోజున అమ్మా నాన్నా కోర్టుకు వెళ్తే పిల్ల ఇంట్లో ఉండి తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది. అమ్మఒడి పథకం ఉన్న రోజుల్లో దానికి 75 శాతం హాజరు కావాలన్న నిబంధన వాయిదాలను లెక్కలోకి తీసుకోలేదు. పైగా "మీ నాన్న మీద కేసుందట కదా" అని పదిమందిలో అడిగేవాళ్ళుంటారు. ఆ పిల్ల తల దించుకుంటుంది. దించుకోవలసినది ఆ అడిగినవాళ్ళు.

మేము కోరేవి మూడే. కోర్టు వాయిదాల వల్ల పోయిన హాజరును మినహాయించండి. తల్లిదండ్రుల కేసుల ఊసు తరగతి గదిలో ఎత్తకండి. లేవిడి, సోంపేట, కాకరాపల్లి కథలు ఈ జిల్లా పిల్లలకు పాఠంగా చెప్పండి.

ఇంకొక మాట మన సంఘాలకు. అమరుడి బిడ్డను వేదికెక్కించి, తండ్రిలాగే కావాలని ప్రమాణం చేయించకండి. ఆ బిడ్డ లాయరు కావచ్చు, నర్సు కావచ్చు, జీడితోటలో పని చేసుకోవచ్చు. తండ్రి పోరాడింది ఆ ఎంపిక బిడ్డ చేతిలో ఉండాలనే.

ఇకపై ఎవరైనా "పిల్లలున్నారు కదా" అంటే మా జవాబు ఇదే: ఉన్నారు, అందుకే అడుగుతున్నాం.