ఈస్టర్ గుడ్డు మా వాడికి పడదా?

ప్రశ్న: మాది నరసరావుపేట. అమ్మాయికి ఏడేళ్ళు, అబ్బాయికి నాలుగు నిండాయి. పోయిన ఈస్టర్‌కి శనివారం సాయంత్రమే గుడ్లు ఉడికించి పిల్లల చేత రంగులు వేయించాను. తెల్లవారుజామున సమాధుల దగ్గరికీ, ఆ తర్వాత ఆరాధనకూ వెళ్ళి ఇంటికి చేరేసరికి ఒంటిగంట అయింది. రాగానే బుట్టలోని గుడ్డు మా వాడు తిన్నాడు. నాలుగింటికల్లా వాంతులు, రాత్రికి విరేచనాలు. సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. వాడికి గుడ్డు పడదు, ఈసారి గుడ్లూ కేకూ ఏమీ వద్దని మా అత్తయ్యగారి పట్టుదల. పిల్లలేమో రంగులు కొనమని ఇప్పటినుంచే ఏడుపు. ఆ తర్వాత అంగన్‌వాడీలో పెట్టిన గుడ్లు తిన్నాడు, ఏమీ కాలేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరం చివరలోనే ఉంది. గుడ్డు నిజంగా పడని పిల్లవాడికి ఎవరు పెట్టినా పడదు. సాధారణంగా తిన్న రెండు గంటలలోపే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం కనిపిస్తాయి. బాబును చూడకుండా ఖాయంగా చెప్పలేను గాని, గుడ్డు నిలవ ఉండడమే ఇంతపని చేసిందని నా అనుమానం. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం ఒంటిగంట దాకా లెక్కవేయండి, పద్ధెనిమిది గంటలకు పైమాటే!

ఉడికించిన గుడ్డు పచ్చిగుడ్డు కన్నా త్వరగా పాడవుతుంది. పచ్చిగుడ్డు పెంకు మీద సన్నని పొర, లోపలి సొనలో క్రిములను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. ఉడికిస్తే ఆ కాపుదల పోతుంది. పెంకు కాస్త బీటవారినా, రంగులద్దిన చేతుల మీది క్రిములు లోపలికి దిగుతాయి. వాటిలో కొన్ని వదిలే విషం గుడ్డును మళ్ళీ వేడి చేసినా పోదు. ఈస్టర్ ఎప్పుడు వచ్చినా మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్యనే. ఎండకు పేరుమోసిన రెంటచింతల మీ జిల్లాలోదే గదా! ఉడికిన గుడ్డు బయట రెండు గంటలు మించి ఉండకూడదు. వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే.

అందుచేత చూసే గుడ్లు వేరు, తినే గుడ్లు వేరు చేయండి. చూసేవాటికి ఖాళీ పెంకులు చాలు. ఆమ్లెట్టుకు గుడ్డు కొట్టేటప్పుడు పైభాగం మాత్రమే పగలగొట్టి, పెంకును మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి ఆరబెట్టండి. బెజ్జం పెట్టి నోటితో సొన ఊదే సరదా వద్దు, పచ్చిసొన నోట్లోకి పోతుంది. పిల్లలు పెంకుల మీద ముఖాలు గీస్తారు. మట్టల ఆదివారం నాడు వాటిలో తడిమట్టి నింపి నాలుగు మెంతులు చల్లి, రోజూ తడపనివ్వండి. ఈస్టర్ నాటికి ఆ ముఖాలకు పచ్చని జుట్టు మొలుస్తుంది. మట్టి పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగించండి.

తినే గుడ్లను ఆరాధన నుంచి వచ్చాకే పన్నెండు నిమిషాలు ఉడికించండి. నీళ్ళలో ఉల్లిపొట్టు వేస్తే ఇటుకరంగు, పసుపు వేస్తే పచ్చరంగు వస్తాయి. చెంచాడు వెనిగర్ కలిపితే రంగు బాగా పడుతుంది. హోలీకి మిగిలిన రంగులు, ముగ్గు రంగులు, కుంకుమ ముట్టవద్దు. పెంకుకు కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి.

కేకు మానవలసిన పని లేదు. పిండి కలిపిన గిన్నె మాత్రం నాకనివ్వకండి. అందులో పచ్చిగుడ్డే కాదు, మైదా కూడా పచ్చిదే. నాలుగేళ్ళవాడికి జీడిపప్పు గొంతుకు అడ్డుపడవచ్చు, మెత్తగా దంచి వేయండి. కుక్కర్‌లో ఇసుక పోసి కేకు చేసేవారు గాస్కెట్, వెయిట్ తీసెయ్యాలి. ఆవిరి కనపడదు గనుక పిల్లలు చల్లగా ఉందనుకుని చెయ్యి వేస్తారు. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ కింద ఉంచండి. సిరా, టూత్‌పేస్టు, నెయ్యి పూయవద్దు.

అత్తయ్యగారిని తప్పుపట్టకండి. మనవడికి సెలైన్ ఎక్కుతుంటే పక్కన కూర్చున్న మనిషి ఆమె. ఈ జవాబు చదివి వినిపించండి. ఇంట్లో రెండు ఓఆర్ఎస్ పొట్లాలు కూడా ఉంచుకోండి. పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, వాంతి అయినా పది నిమిషాలు ఆగి చెంచాతో పట్టాలి. మూత్రం తగ్గినా, కళ్ళు లోతుకు పోయినా, విరేచనంలో రక్తం పడినా, పిల్లవాడు మగతగా ఉన్నా పండుగ పూటని ఆగకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.