పొగను బట్టి పూటకూటి యిల్లు

కొడుకుల యొద్దకును కూతుండ్ర యొద్దకును అమెరికాకు పోవు తెలుగు గృహిణులు నేడు పెక్కుమంది గలరు. టెక్సస్ రాష్ట్రమునకు రాజధానియగు ఆస్టిన్ నగరమున మనవారి కాపురములు చాల గలవు. ఆ యూరికి బోయినవారికి "అత్తయ్యగారూ, నేడు బార్బెక్యూకు పోదము రండి" యను పిలుపు ఒకనాడైనను రాక మానదు. అపుడు కొందఱు ఏది తినవచ్చునో తెలియక ఇంటనే యుండిపోవుదురు. మఱికొందఱు మొగమాటముచే పోయి, పళ్లెములో నేమున్నదో యడుగక తిని, పిమ్మట పరితపింతురు. ఈ రెండును అక్కఱలేదు. మంచి యంగడిని గుర్తించుటకును, అందు తమకు దగినదానిని ఏఱుకొనుటకును ఉపాయములు గలవు.

బార్బెక్యూ మన కబాబు వంటిది కాదు. కబాబు నిమిషముల పని. ఇది రాత్రియంతయు సాగు పని. మూతగల పెద్ద యినుప పొయ్యిలో ఒకవైపున కఱ్ఱలు మండుచుండగా, మంట తగులని రెండవవైపున మాంసము నుంచి, 110 మొదలు 135 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో పొగతో మగ్గనిత్తురు. ఇచట ముఖ్యమైనది బ్రిస్కెట్టు, అనగా గోమాంసపు ఱొమ్ముభాగము. అందలి గట్టి పీచు కరగి మెత్తబడుటకు పండ్రెండు గంటలును, ఒక్కొక్కప్పుడు అంతకంటె నెక్కువయు పట్టును. తొందరపడి మంట హెచ్చించినచో అది చెప్పుతోలువలె నగును. దాలిలో పాలు కాచి మీగడ కట్టించిన యిల్లాండ్రకు సన్నని సెగ మహిమను మేము వేఱుగ చెప్పనేల?

పందొమ్మిదవ శతాబ్దమున మధ్య టెక్సస్‌లో స్థిరపడిన జర్మను, చెక్ జాతులవారు మాంసపు టంగళ్లు పెట్టి, మిగిలిన ముక్కలను పొగవేసి అమ్ముచుండిరి. ఆఫ్రికా సంతతివారి యొక్కయు, మెక్సికోవారి యొక్కయు వంటనేర్పు దీనితో గలిసెను. తూకము చొప్పున అమ్మి కాగితముపై వడ్డించుట ఆ పాత యంగళ్ల నుండి వచ్చిన వాడుకయే.

ఇక మంచి యంగడి గుఱుతులు. మొదటిది కట్టెల పేరు. దుకాణము వెనుక ఓకు కఱ్ఱలు పేర్చియుండి, వీథిలోనికే కమ్మని పొగవాసన వచ్చుచున్నచో నమ్మవచ్చును. కన్నులు మండించు ఘాటుపొగ మంచిది కాదు. రెండవది వేళ. నాడు వండినది నాడే అమ్మువారికి మధ్యాహ్నము దాటునప్పటికి సరకు నిండుకొనుట సహజము. ఎంత ప్రొద్దుపోయినను అన్నియు దొరకుచోట కొంత అనుమానింపవలెను. మూడవది రుచి. పైన పులుసు పోయకయే ముక్క రుచిగా నుండవలెను. పొగ తగిలిన మాంసపు టంచున గులాబిరంగు కనబడును. అది పచ్చిదనము కాదు, పొగలోని వాయువులచే కలుగు రంగు. కోడిమాంసము లోపల 74 డిగ్రీల వేడి చేరినచో ఉడికినట్లే.

పేరుప్రతిష్ఠల మాట కొంత చెప్పుదుము. 2009లో చిన్న బండిలో మొదలైన ఫ్రాంక్లిన్ బార్బెక్యూ ముందు జనులు గంటల తరబడి బారులుతీరుట లోకప్రసిద్ధము. 2024 నవంబరున మిషెలిన్ వారు టెక్సస్‌లో తొలిసారి నక్షత్రము లిచ్చినపుడు, ఆస్టిన్‌లోని లా బార్బెక్యూ, ఇంటర్‌స్టెల్లార్, లెరాయ్ అండ్ లూయిస్ అను మూడంగళ్లకు ఒక్కొక్కటి దక్కెను. ఈ విద్య మగవారి సొత్తని తలపవలదు. అచటికి సుమారు 80 కిలోమీటర్ల దూరముననున్న లెక్సింగ్టన్ అను చిన్న యూర, 1935లో జన్మించిన టూట్సీ టోమనెట్జ్ అను నామె 1966 నుండి ఈ పొయ్యిల యొద్ద పనిచేసి, 2018లో బార్బెక్యూ కీర్తిమందిరమున స్థానము నందెను. ఐనను పేరుగల చోటనే తినవలెనను పట్టుదల వలదు. మోకాళ్ల నొప్పులుగల పెద్దవారిని ఎండలో నిలువబెట్టుకంటె, పైన జెప్పిన గుఱుతులుగల చిన్న యంగడికి పనిదినమున పోవుట మేలు.

ఎన్నుకొనుటలో నెంతయు జాగ్రత్త కావలెను. గోమాంసము తినని యింటివారికి టర్కీ కోడియు, మామూలు కోడియు దొరకును. సాసేజిలో తఱచుగ గోమాంసమును పందిమాంసమును కలిసియుండును. చిక్కుడుగింజల పులుసులో బ్రిస్కెట్టు తునకలును, ఉడికించిన ఆకుకూరలో పందిమాంసమును వేయుట సామాన్యము. బంగాళాదుంపల కూరలోను, క్యాబేజీ పచ్చికూరలోను కలుపు మెయొనేజు సాధారణముగ గ్రుడ్డుతో చేయుదురు. కావున "ఇందులో ఏ మాంసము గలదు?" అని తూకము వేయకముందే యడుగవలెను. అన్నియు నొకే పొయ్యిలో మగ్గి, ఒకే బల్లపై, ఒకే కత్తితో తఱుగబడునని కూడ నెఱుగవలెను. అది సమ్మతముకాని వారు ఇంట భుజించి పోయి, పిల్లలతో కూర్చుండి వచ్చుట యుక్తము. హలాలు నియమముగల వారును ముందుగ విచారింపవలెను.

ఒక పౌను అనగా 454 గ్రాములు, ఇద్దఱికి చాలును. మిగిలినది రెండు గంటలలోపల, ఎండ మిక్కుటమైనచో గంటలోపల, ఫ్రిజ్జులో చేర్చి మూడు నాలుగు దినములలో ముగింపవలెను.

అడుగుట అమర్యాద కాదు. అచటి వర్తకులు అట్టి ప్రశ్నలకు అలవాటుపడినవారే. తన నియమమునకు సిగ్గుపడక, తినువారిని నిందింపక కూర్చుండగల పెద్దది తోడున్నచో, కోడలికిని అల్లునికిని ఆ పూట పండుగయే యగును.