చాక్లెట్టు పరిశోధనయు, మన యెరువుల కరపత్రమును

"శాస్త్రజ్ఞులచే పరీక్షింపబడినది" అను మాట కరపత్రముపై అచ్చుపడినచో మన సభ్యులలో పెక్కుమందికి మఱి ప్రశ్న తోచదు. అట్టివారి కొఱకు ఈ మాసమున ఒక హాస్య పరిశోధన వృత్తాంతమును వ్రాయుచున్నాము.

2015వ సంవత్సరమున జర్మనీ దేశమున జాన్ బొహానన్ అను పత్రికారచయితయు, కొందరు చలనచిత్రకారులును కలిసి, చాక్లెట్టు తినువారు త్వరగా చిక్కుదురని నిరూపింప బూనిరి. ఆహారమును గూర్చి నిత్యము వెలువడు పరిశోధనల బండారమును బయటపెట్టుటయే వారి యసలు తలంపు. ఒక సంస్థ పేరు కల్పించిరి; దానికి వెబ్‌సైటు తప్ప వేఱు ఉనికి లేదు. మనుష్యులు మాత్రము నిజమైనవారే, తూనికయు నిజమైనదే. 15 మందిని మూడు జట్లు చేసి, మూడు వారములు పరీక్షించి, బరువు, నిద్ర, రక్తములోని కొవ్వు మొదలగు 18 విషయములను కొలిచిరి. కిటుకంతయు ఇందే కలదు.

మన చేనిలో చూడుడు. ఏ మందును వేయని వరిమడిలో మూడు చోట్ల ఐదేసి దుబ్బులను పెఱికి, ఎత్తు, పిలకలు, ఆకు వెడల్పు, వెన్ను పొడవు, గింజ బరువు, వేళ్ల పొడవు, ఇట్లు 18 లెక్కలు వ్రాసినచో, ఏదో యొక లెక్కలో ఒక చోటు మిన్నగా తేలుట వింత కాదు. ఆ యొక్క లెక్కను మాత్రము చాటి, తక్కినవానిని దాచినచో అదియే పరిశోధన యగును! చాక్లెట్టు విషయమున తేలినది బరువు. రుసుము చెల్లింపగా ఒక పత్రిక దానిని ప్రకటించెను. పెక్కు దేశముల వార్తాపత్రికలు ఎత్తి వ్రాసెను. ఎందరిపై పరీక్ష జరిగెనో ఒక్క పత్రికయు వ్రాయలేదని తరువాత బొహాననే తెలిపెను.

ఇది చదివి, పరిశోధన లన్నియు బూటకములే యని తలపవలదు. నవ్వించి, పిదప ఆలోచింపజేయు పరిశోధనలకు 1991 మొదలు ఇగ్ నోబెల్ అను బహుమానము లిచ్చుచున్నారు. 2009లో పశువైద్య బహుమానము ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయము వారికి వచ్చెను. వారు 516 మంది పాడిరైతులను విచారింపగా, ఆవులకు పేర్లు పెట్టి పిలుచువారి మందలలో ఒక్కొక్క యావు ఏటికి 258 లీటర్లు ఎక్కువ పాలిచ్చినట్లు తేలెను. గౌరీ, లక్ష్మీ యని పిలుచు మన యిల్లాండ్రకు ఇది నవ్వులాటగా తోచును. పేరు పెట్టినంత మాత్రమున పొదుగు నిండునా? పేరు పెట్టినవాడు పశువును కనిపెట్టియు ఉండును గదా; మేలు పేరుదో, పోషణదో ఈ లెక్క తేల్చజాలదని మా యభిప్రాయము. ఐనను ఎందరి నడిగిరో దాపరికము లేక చెప్పిరి; కావున మనము తర్కింపగలుగుచున్నాము. నవ్వు వచ్చినంతనే అబద్ధము కాదు, గంభీరముగా నున్నంతనే నిజమును కాదు.

ఇదంతయు ఏల యనగా, పైరును ఏపుగా పెంచునను ద్రవ మొకటి సంఘము తరఫున కొనవలె నను ప్రతిపాదన రాబోవు సర్వసభ్య సమావేశమునకు వచ్చుచున్నది. సొమ్ము సభ్యులది, కొంత అప్పుగా తెచ్చినది. కరపత్రములో దిగుబడి హెచ్చు ఎంతయో పెద్ద యక్షరములతో నున్నది. ఎన్ని మళ్లలో పరీక్షించిరో, ప్రక్కన మందు వేయని మడి యుండెనో లేదో, ఎన్ని విషయములు కొలిచి ఇది యొక్కటి చెప్పుచున్నారో అందు లేదు. ఈ మూడు ప్రశ్నలను మేము వ్రాసి పంపితిమి. జవాబుగా మఱి యొక కరపత్రము వచ్చినది.