ఆ రూ. 436 ఎవరు తీశారు?

సూరత్ నుంచి ముంబై వైపు వెళ్లే రైలు ఉధ్నా దాటగానే వచ్చే స్టేషన్ భేస్తాన్. మరమగ్గాల చప్పుడుతో బతికే నగరం సూరత్. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలకు అది రెండో ఊరు. అలాంటి ఇంట్లో సంపాదించే మనిషి పోతే, దినాలు ముగిశాక బయటికొచ్చేది బ్యాంకు పాస్‌బుక్కే. జీతం పడటం, ఏటీఎంలో తీయడం అర్థమవుతాయి. మధ్యలో ఎవరికీ తెలియని కోతలు. మొదటి అనుమానం బ్యాంకు మీద, రెండోది బావమరిది మీద.

చాలాసార్లు ఇద్దరూ నిర్దోషులే. మే నెలాఖరులో రూ. 436 పోయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. ఏ కారణంతో మరణించినా నామినీకి రూ. 2 లక్షలు రావాలి. 2015లో మొదలైనప్పుడు ప్రీమియం రూ. 330, పెంచింది 2022 జూన్‌లో. ఏడాది మధ్యలో చేరితే రూ. 342, 228 లేదా 114 కనిపిస్తాయి. రూ. 20 కోత సురక్షా బీమాది; అది ప్రమాదాలకే. ఖాతా తెరిచిన రోజు పెట్టిన సంతకాల్లో ఇదొకటని ఆయనకే గుర్తుండి ఉండకపోవచ్చు, ఇల్లాలికి చెప్పేదెక్కడ? అందుకే స్టేట్‌మెంట్ చదవకుండా ఖాతా మూసేయడం తొందరపాటు. కనీసం ఏడాదిది తీసుకోవాలి. క్లెయిమ్‌ను వీలైతే 30 రోజుల్లోపే ఇవ్వాలి. సూరత్‌లో ఒకటి, సొంతూళ్లో ఒకటి ఖాతాలుండి రెండుచోట్లా జీవన్ జ్యోతి ప్రీమియం కోసినా, దాని కింద దక్కేది ఒక్క రూ. 2 లక్షలే.

ఏసీహెచ్ అని ఉంటే ఆయనే అనుమతిచ్చిన కోత: జీవిత బీమా, ఫైనాన్స్ వాయిదా, మ్యూచువల్ ఫండ్. సంస్థ పేరు పక్కనే సగం తెగిపోయి ఉంటుంది. ఇబ్బందంతా యూపీఐతోనే. నెలనెలా ఒకే మొత్తం ఎవరో తెలియని స్త్రీ పేరుకు వెళ్లి ఉంటే ఇంట్లో మాటలు ఆగిపోతాయి. అది గది అద్దె కావచ్చు, చీటీ వాయిదా కావచ్చు. చీటీ ఇంకా పాడి ఉండకపోతే కట్టిన డబ్బు ఇంటికి రావలసిందే. నింద వేసేముందు ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయే సంగతి.

నిజంగా నిలదీయాల్సినవి మరణించిన తేదీ తర్వాతి లావాదేవీలు. బ్యాంకుకు చెప్పేదాకా ఆటోమేటిక్ కోతలు సాగుతూనే ఉంటాయి. ఏటీఎం నుంచి తీసినట్లుంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అంత్యక్రియల ఖర్చుకే అయినా ఆయన కార్డుతో కొడుకు డబ్బు తీయడం కూడా చిక్కే. నామినీ డబ్బు అందుకునే వ్యక్తి మాత్రమే, అది వారసులందరిదీ.

పత్రాలన్నీ అందిన 15 రోజుల్లో మృతుల ఖాతాల క్లెయిమ్ తేల్చాలని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశించింది. గుజరాతీ చదవలేని వారికి బీమా క్లెయిమ్ ఫారం తెలుగులోనూ జనసురక్ష వెబ్‌సైట్‌లో ఉంది. శాఖలో ఇచ్చాక తేదీ వేసిన రసీదు అడిగి తీసుకోవాలి.