ఎముకల్లో చోడి అంబలి

ట్రెక్కింగ్ పిచ్చి ఉన్నవాళ్లకి రూప్‌కుండ్ తెలిసే ఉంటుంది. ఉత్తరాఖండ్‌లో 5,000 మీటర్ల ఎత్తున చిన్న సరస్సు. మంచు కరిగితే వందల మంది అస్థిపంజరాలు బయటపడతాయి. 1942లో ఓ ఫారెస్ట్ రేంజర్ కంటపడ్డాయి. యాత్రకెళ్లిన రాజుగారి పరివారమంతా వడగళ్ల వానకి పోయిందని అక్కడివాళ్లు చెప్పుకునే కథ.

ఆ కథని తిరగరాసినవాళ్లలో మన హైదరాబాద్ సీసీఎంబీ వాళ్లున్నారు. తంగరాజ్ గారు, దేశవిదేశాల శాస్త్రవేత్తలు కలిసి 38 మంది డీఎన్ఏ చూసి 2019లో ప్రచురించారు. 23 మంది మన ఉపఖండం వాళ్లు, 7 నుంచి 10వ శతాబ్దం మధ్యలో పోయినవాళ్లు. 14 మందికి మాత్రం ఇప్పటి గ్రీస్, క్రీట్ జనంతో పోలిక. వాళ్లు పోయింది 1800 ప్రాంతంలో! మిగిలిన ఒక్కరిదీ ఆగ్నేయాసియా.

సరే, డీఎన్ఏ ఎవరి బిడ్డో చెబుతుంది. ఏం తిని పెరిగాడో చెప్పదు కదా. అందుకే ఎముకలోని కొల్లాజెన్ తీసి కార్బన్ ఐసోటోపులు కూడా కొలిచారు.

కార్బన్‌లో మామూలు 12తో పాటు కాస్త బరువైన 13 కూడా నూటికి ఒక వంతు ఉంటుంది. వరి, గోధుమల్లో ఈ 13 కొంచెం తక్కువ. చోళ్లు, జొన్నలు, సజ్జల్లో కొంచెం ఎక్కువ. ఆ రెండు నిష్పత్తులకీ తేడా నూటికి ఒకటిన్నర పాళ్లే అయినా మాస్ స్పెక్ట్రోమీటర్ పట్టేస్తుంది. తిన్నది ఎముకలో చేరుతుంది, పదేళ్ల పైబడిన తిండి అక్కడే నిలవుంటుంది. ఇంతకన్నా నమ్మకమైన లాగ్ ఫైల్ నేను చూళ్లేదు.

ఆ 14 మంది ఎముకల్లో చిరుధాన్యాల జాడ దాదాపు లేదు. మనవాళ్లలో మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కో రకం తిండి. కొందరిది వరి, గోధుమల బాపతు, కొందరిది చిరుధాన్యాలు బాగా కలిసినది. ఒకే వంటశాల పరివారంలా లేరు.

నాకు నచ్చింది ఈ ముక్కే. సింహాచలం గుడి నిండా శాసనాలున్నాయి, ఎవరెంత దానమిచ్చారో చదువుకోవచ్చు. పొద్దున్నే చోడి అంబలి తాగి పనికెళ్లిన మనిషి పేర శాసనం ఎవరు వేయిస్తారు? అతని లెక్క ఎముకలోనే ఉంది.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. చోళ్లకీ జొన్నలకీ తేడా తెలీదు. మొక్కజొన్న, చెరకు కూడా అదే కోవ. మా గాజువాకలో మా ఈడు వాళ్లం మూడు పూటలా అన్నం, టిఫిన్లే అయినా ఆదివారం బ్రాయిలర్ తప్పదు. ఆ కోడి దాణాలో ఎక్కువ భాగం మొక్కజొన్నే. అది మన ఎముకల్లోకీ వస్తుంది. రేపెవరైనా ఒక్క కార్బనే చూస్తే, వీళ్లూ నాయనమ్మల్లాగే అంబలి తాగారనుకోవచ్చు. నైట్రోజన్ కూడా చూస్తే దొరికిపోతాం. మాంసం, సముద్రపు చేపలు తినేకొద్దీ నైట్రోజన్ 15 పెరుగుతుంది మరి.