మాటల సంగతి: డివైడ్

పిల్లలూ! లెక్కల పుస్తకంలో మీకు తరచు ఎదురయ్యే ఇంగ్లీషు మాట ‘డివైడ్’. భాగించడం, పంచడం, విడదీయడం అని దానికి అర్థాలు. అర్థం తెలిసిందిగదా, ఇక చెప్పడానికేమున్నది అంటారేమో! ఈ మాట వెనుక ఒక చిన్నమాట వస్తుంది. ఏం చేయాలో చెప్పేది ఆ చిన్నమాటే. అది మారితే 6 రావలసిన చోట 24 వస్తుంది.

ఎలాగో చూడండి. ధర్మవరం పట్టుచీరలకు పేరుపడ్డ ఊరు. అక్కడ ఒక అంగడిలో 12 గజాల పట్టుగుడ్డ ఉన్నదనుకోండి. దాన్ని సగానికి కత్తిరించాలంటే ‘డివైడ్ ఇన్‌టు హావ్స్’ అనాలి. అంటే రెండు సగాలుగా చేయమని. ఒక్కొక్కటి 6 గజాలు, రెండు చీరలకు సరిపోతుంది. అలాకాక ‘డివైడ్ బై హాఫ్’ అంటే? అర చేత భాగించమని అర్థం. 12 గజాలలో అరగజం ముక్కలు ఎన్ని ఉన్నాయి? గజానికి రెండు చొప్పున 24! రెండు చీరలు కావలసిన గుడ్డ 24 పేలికలైపోతుంది. కత్తెర పడ్డాక అది మళ్ళీ అతకదుగదా!

ఇక్కడ ఇంకొక చిక్కు ఉన్నది. మన బళ్ళలో ‘మూడు ఇన్‌టు నాలుగు’ అంటే గుణకారం, జవాబు 12. కాని ‘డివైడ్’ పక్కన చేరిన ‘ఇన్‌టు’కు గుణకారంతో సంబంధం లేదు. అక్కడ దాని అర్థం ‘ముక్కలుగా’ అని మాత్రమే.

ఇక పంచే సంగతి. అమ్మ వేరుశనగ ఉండలు చేసింది. ఇద్దరికి పంచితే ‘బిట్వీన్’, ఎక్కువమందికి పంచితే ‘అమాంగ్’ అని సాధారణంగా వాడతారు. అయితే ఈ రెండు మాటలూ సమానంగా పంచమని చెప్పవు. అన్నకు ఐదు, చెల్లికి ఒకటి ఇచ్చినా అది ‘డివైడ్’ చేసినట్టే! న్యాయం జరగాలంటే ‘ఈక్వలీ’ అని చేర్చాలి. తెలుగులో ‘పంచు’ కూడా అంతే. ‘సమంగా’ అనకపోతే చెల్లెలు ఏడవవలసిందే.

ఇంగ్లీషువారు విడిమాటలతో చేసే ఈ పనిని మనం మాట చివర చేరే ప్రత్యయాలతో చేస్తాం. ‘రెండుగా’, ‘రెండుచేత’, ‘ఇద్దరికి’ అంటాం. ‘చేత’, ‘కి’ వంటివాటిని వ్యాకరణంలో విభక్తులంటారని మీకు తెలుసు. తమాషా ఏమిటంటే విభక్తి, విభజన, విభాగం, భాగం అన్నీ ఒకే సంస్కృత ధాతువు నుంచి పుట్టినవి. అంటే ఇవి అక్కచెల్లెళ్ళన్నమాట.

‘డివైడ్’ నుంచి వచ్చిన ‘డివిజను’కు రెండు వేషాలున్నాయి. విడదీసే పనీ డివిజనే, విడదీయగా వచ్చిన భాగమూ డివిజనే. మనకు మొదటిది విభజన, రెండవది విభాగం. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లాను విడదీసి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లాను ఏర్పరచారు. అది విభజన. ఆ కొత్త జిల్లాలో పెనుకొండ రెవెన్యూ డివిజను ఉన్నది. అది విభాగం. హిందూపురం రెవెన్యూ లెక్కలో పెనుకొండ డివిజనుకు చెందితే, రైల్వే లెక్కలో బెంగుళూరు డివిజనుకు చెందుతుంది. ఊరు ఒక్కటే, గీతలు గీసినవారు వేరు. కనుక డివిజను అనగానే ‘ఎవరి డివిజను?’ అని అడగాలి.

ఈ కుటుంబంలోనే ‘ఇన్‌డివిడ్యువల్’ అనే మాట కూడా ఉన్నది. ‘విడదీయరానిది’ అని దాని మొదటి అర్థం. ఇప్పుడు ఒక్కొక్క వ్యక్తిని అలా అంటారు. లేపాక్షి బసవన్నను చూశారా? సుమారు 27 అడుగుల పొడవున్న ఆ నందిని ఒకే రాతిలో చెక్కారు. మూపురం వేరు, మెడలోని గంటలు వేరు అని ఊడదీయలేము. మనిషీ అంతే. గుడ్డను ముక్కలు చేయవచ్చు, ఉండలను పంచవచ్చు, జిల్లాకు గీత గీయవచ్చు. మనిషిని మాత్రం భాగించలేము.

ఇప్పుడు మీకొక లెక్క. హిందూపురం నుంచి లేపాక్షి సుమారు 15 కిలోమీటర్లు. 15ను ‘డివైడ్ బై హాఫ్’ చేస్తే ఎంత? ఏడున్నర అన్నవారు పట్టుగుడ్డ దగ్గరికి తిరిగి వెళ్ళి మరొకసారి చదవండి. 30 అన్నవారు ఇంట్లో పెద్దవాళ్ళను ఇదే లెక్క అడిగి చూడండి!